ఆ గాలి పైనుంచి వచ్చింది

జగిత్యాలలో ఒకసారి, కోరుట్లలో ఒకసారి, సిరిసిల్లలో ఒకసారి నాకు శాలువా కప్పారు. మూడు చోట్లా కారణం ఒక్కటే. కాలేయ మార్పిడి ఆపరేషన్ జరుగుతుండగా రోగి గుండెలోకి గాలి చేరిందని, ఆ గాలిని నేను గుండె స్కానింగ్ తెర మీద పసిగట్టి, బయటికి లాగి, మనిషిని బతికించానని. ఇందులో ప్రతి ముక్కా నిజమే. గాలి చేరింది. నేను చూశాను. నేనే లాగాను. ఎవరూ అడగనిది ఒక్కటే, ఆ గాలిని ఎక్కించింది ఎవరని. అది కూడా నేనే.

ఈ ముక్క చివరిదాకా దాచి మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేయడం నాకిష్టం లేదు. దాచడంలో నాకు కావలసినంత అనుభవం ఉంది. దాని వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మత్తు వైద్యంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు, సర్జరీలోకి వచ్చినవాళ్లు కూడా, చదివితే మంచిది. నాకింకా పదవీ విరమణ వయసు రాలేదు. ఆపరేషన్ థియేటర్ నుంచి మాత్రం నాకు నేనే విరమణ ఇచ్చుకున్నాను. ఎవరూ శాలువా కప్పని వీడ్కోలు అదొక్కటే.

ముందు సీసా సంగతి చెప్పాలి.

నేను పని నేర్చుకున్నది జగిత్యాల దిక్కు ఒక చిన్న దవాఖానాలో. కాన్పు కష్టమై రక్తం పోతున్న తల్లులు ట్రాలీ ఆటోల్లో వచ్చేవారు. సెలైన్ వేగంగా ఎక్కించడానికి సీసా చుట్టూ కట్టి గాలి నింపే పట్టీలు పెద్ద ఊళ్లలో ఉంటాయని పుస్తకాల్లో చదివేవాళ్లం. మా దగ్గర ఉన్నది సిరంజి, సూది, అవసరం. సీసాలోకి సూది గుచ్చి సిరంజితో గాలి కొట్టేవాళ్లం. లోపల ఒత్తిడి పెరిగి సెలైన్ ధారగా పరుగెత్తేది. ఆ గాలి పుణ్యాన బతికిన తల్లులు మల్యాల నుంచి బీర్పూర్ దాకా ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇది నేర్పిన పెద్ద డాక్టరు గారు ఒకే ఒక్క షరతు పెట్టేవారు.

“గాలి కొట్టినోడు సీస కాడికెళ్లి కదలద్దు తమ్మీ. ఒంటికచ్చినా సరే, ఆపుకొని నిలబడు. నీళ్లయిపోయినంక ఆ సీసల ఉండేది ఏంది? నువ్వు కొట్టిన గాలి. అది ఎటు పోతది? దారి ఎటుంటే అటు పోతది.”

దారి రోగి గుండెకే ఉంటుంది. అందుకని మా థియేటర్లో ఎవరో ఒకరు సీసా కింద, గొట్టం మీద వేళ్లు పెట్టి, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. మందులు లేని దవాఖానాలో మనుషులకు కొదవ ఉండేది కాదు.

తర్వాత నేను హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. అక్కడ అన్నీ ఉండేవి. రక్తాన్ని వేడిచేసి వరదలా ఎక్కించే యంత్రం ఉండేది. దానిలో ఆవగింజంత బుడగ కనబడినా అది కీచుమని అరిచి ఆగిపోయేది. దాన్ని నేను పిరికి యంత్రం అనేవాణ్ని. జగిత్యాల దిక్కు చేసి వచ్చిన వాడికి హైదరాబాదు యంత్రాలన్నీ కొంచెం నాజూకుగానే కనబడతాయి. అది అనుభవమనుకున్నాను. పొగరు కూడా అచ్చం అనుభవంలాగే ఉంటుందని అప్పుడు తెలియలేదు.

ఇక ప్రోబ్ సంగతి. మత్తులో ఉన్న రోగి నోట్లోంచి ఆహారనాళంలోకి వేలెడు లావు గొట్టం ఒకటి దించుతాం. దాని కొసన స్కానింగ్ కన్ను ఉంటుంది. ఆహారనాళం గుండె వెనకాలే పోతుంది కాబట్టి, గుండెను వీపు వైపు నుంచి కిటికీలోంచి చూసినట్టు చూడవచ్చు. మా ఆసుపత్రిలో అది ఒక్కటే ఉండేది. అది ఎవరిదన్న తగాదా నేను చేరేనాటికే పాతబడింది. గుండె చూసేది కాబట్టి మాది అన్నారు గుండె విభాగం వాళ్లు. మత్తులో ఉన్నవాడి గొంతు మా చేతిలో ఉంటుంది కాబట్టి మాది అన్నాం మేము. తేల్చడానికి కమిటీ వేస్తే, అందులోకి కడుపు విభాగం పెద్దాయన వచ్చి, ఆహారనాళం తనదనీ, తన దారిలో ఎవరు నడిచినా తన అనుమతి కావాలనీ అన్నాడు. మూడు విభాగాలూ కొట్టుకుని చివరికి ఒక ఏడాది పాటు ప్రోబ్‌ను నా చేతికిచ్చాయి, సరిగ్గా వాడకపోతే వెనక్కి తీసుకోవాలన్న షరతు మీద. పిల్లాణ్ని దత్తతకు తీసుకున్న వాడిలా దాన్ని నేనే కడిగి, నేనే తుడిచి, నేనే దాచుకునేవాణ్ని.

ఆ ప్రోబ్‌ను ఒక కోణంలో తిప్పి పెడితే గుండెలోకి తెరుచుకునే రెండు పెద్ద సిరలూ ఒకేసారి తెర మీద కనబడతాయి. తల, మెడ వైపు నుంచి వచ్చేది పై సిర. కాలేయం వైపు నుంచి వచ్చేది కింది సిర. రోగి మెడలో మేం పెట్టే గొట్టాలు, మా భాషలో లైన్లు, అన్నీ పై సిరలో తెరుచుకుంటాయి. సర్జన్లు కుట్టేదంతా కింది సిర మీద. కాబట్టి గాలి పైనుంచి వస్తే అది మత్తు డాక్టరుది, కింది నుంచి వస్తే సర్జన్‌ది. ఇంత స్పష్టమైన గట్టు మా జిల్లాలో ఏ రెండు పొలాల మధ్యా ఉండదు.

రోగి కోరుట్ల దగ్గరి పల్లె మనిషి. దుబాయిలో సెంట్రింగ్ పని చేసేవాడు. సెలవు మీద వచ్చి తిరిగి పోబోతే మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారు. లోపల ఎన్నాళ్ల నుంచో ఉన్న కామెర్ల వైరస్ కాలేయాన్ని తినేసింది. కాలేయంలో ముక్క ఇస్తానని ముందుకు వచ్చింది చెల్లెలు. ఆమెను తంగళ్ళపల్లిలో ఇచ్చారు. భర్తవి సాంచాలు, అంటే మరమగ్గాలు, బందైపోయి పని కోసం భీవండి పోయాడు. ఆమె బీడీలు చేసి ఇల్లు నడుపుతోంది. ఆపరేషన్‌కు ముందు నేను చూడబోతే ఆమే నన్ను పరీక్షించింది.

“సగం తీసినా మల్ల పెరుగుతదట గదా సారు?”

“పెరుగుతదమ్మా.”

“మా అన్నకు వెట్టింది గూడ పెరుగుతదా?”

“పెరుగుతది.”

“గట్లయితే మా సాంచాల కన్న లివరే నయమున్నది. అవి బందైతే మల్ల లేత్తలెవ్వు.”

అన్న మాత్రం పక్క వార్డులో నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడు. “సారు, చెల్లెకేమన్న అయితే నన్ను లేపద్దు. గట్లనే పండుకోవెట్టుర్రి.”

అలా ఇద్దరి ప్రాణాలు ఒక ముడిలో పడ్డాయి. ఒకరు పోతే ఇద్దరూ పోయినట్టే.

ఆ ఆపరేషన్‌లో పెద్ద సర్జన్ కింద ఒక చిన్న సర్జన్ ఉండేవాడు. బీర్పూర్ దిక్కు, తాళ్లెక్కి కల్లు గీసే ఇంటి నుంచి వచ్చినవాడు. ఆ ఇంట్లో మొదటి డాక్టరు. ఒకే జిల్లా కాబట్టి నన్ను అన్నా అనేవాడు. కొత్త కాలేయాన్ని కలిపే ముందు దాని రక్తనాళాల్లో ఇరుక్కున్న గాలి, పాత ద్రవం పోయేలా లోపల కడగాలి. దాన్ని ఫ్లష్ అంటాం. అది అతని పని. అందులో అతనికి చాదస్తం. ఒకసారి నేను, “ఏందిరా, బట్టలుతికినట్టు ఉతుకుతున్నవ్?” అంటే, “మా నాయిన మోకు గుంజి సూడంది తాడెక్కడు అన్నా. నేను కడగంది కుట్టెయ్య,” అన్నాడు.

ఆ రోజు ఉదయం చెల్లెలి ఆపరేషన్ పక్క థియేటర్లో బాగా జరిగింది. ముక్క మా గదికి వచ్చింది. చిన్న సర్జన్ కడిగాడు. కుట్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి, రక్తనాళాలకు బిగించిన క్లాంపులు తీసి కొత్త కాలేయంలోకి రక్తం వదిలే సమయం వచ్చింది. అప్పుడు రక్తపోటు పడిపోతుందని అందరికీ తెలుసు. దానికోసం ద్రవం వేగంగా ఎక్కించాలి. సరిగ్గా అప్పుడే పిరికి యంత్రం ఎక్కడో బుడగ చూసి ఆగిపోయింది.

నేను ఆల్బుమిన్ ద్రవం సీసా ఒకటి మెడ లైన్‌కు తగిలించాను. అది గాజు సీసా. సంచిలా ముడుచుకోదు. సిరంజితో గాలి కొట్టాను, జగిత్యాల పద్ధతిలో, ధారాళంగా. మా టెక్నీషియన్ సిరిసిల్ల మనిషి. నవ్వు దాచుకోలేదు.

“సైకిల్ పంపు తేవాల్నా సార్?”

“నీ ఎటకారం ఆపి, బ్లడ్ బ్యాంకు కాడ రక్తం పట్టుకరా పో.”

“మరి సీస కాడ ఎవలుంటరు సార్?”

“నేనున్న గదా.”

అతను వెళ్లాడు. నేనున్నాను. కాని సీసా దగ్గర కాదు. ఎందుకంటే అదే సమయానికి ఆసుపత్రి ప్రచార విభాగం నుంచి ఒకాయన గౌను వేసుకుని, టోపీ తిరగేసి పెట్టుకుని, కెమెరాతో వచ్చాడు. ఆపరేషన్‌లో గుండె స్కానింగ్ వాడుతున్నామని పేపర్లకు పంపాలట. ప్రోబ్ మా విభాగానిదే అని లోకానికి రుజువు కావడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు మళ్లీ రాదు.

“క్లాంప్ తీస్తున్నాం,” అన్నాడు పెద్ద సర్జన్.

“తియ్యండి సార్,” అన్నాను.

“సార్, కొద్దిగా ఇటు తిరిగి తెర చూపించండి,” అన్నాడు కెమెరా ఆయన.

తిరిగాను. వేలు పెట్టి చూపించాను. ఆ ఫొటోనే తర్వాత అన్ని పేపర్లలో పడింది. మీరెవరైనా చూసి ఉంటే గుర్తు చేసుకోండి. అందులో తెర మీది గుండె ముత్యంలా శుభ్రంగా ఉంటుంది. కింద, ‘గుండెలో గాలిని గుర్తించిన క్షణం’ అని రాశారు. అది గాలిని గుర్తించిన క్షణం కాదు. నా వీపు వెనక సీసా ఖాళీ అవుతున్న క్షణం.

కెమెరా ఆయన బయటికి పోయాడు. నేను తెర మీదనే కళ్లు పెట్టి ఉన్నాను. పై సిరలోంచి తెల్లటి నురుగు దూకింది. గోలీ సోడా కొట్టినప్పుడు పొంగినట్టు. రెప్పపాటులో గుండె కుడి గదులు తెల్లగా నిండిపోయాయి. నిశ్వాసంలో కార్బన్ డయాక్సైడ్ చూపే గీత కూలింది. రక్తపోటు గీత దాని వెంటే పడింది. నురుగును గుండె నెట్టలేదు. నెట్టడానికి అందులో రక్తం లేదు.

పైనుంచి వచ్చిందని నాకు తెలుసు. చూశాను కాబట్టే నా చెయ్యి వెనక్కి పోయి, చూడకుండానే, మెడ లైన్ మీది త్రీవే బిరడాను మూసేసింది. అదే అతన్ని కాపాడింది. గాలి ఎక్కడిదో తెలియకపోతే వెతుక్కుంటూ ఉండేవాణ్ని, మిగతా సీసా గాలంతా లోపలికి పోయేది. కాని చెయ్యి పైన తిప్పుతుండగా నోరు ఏమన్నదో వినండి.

“గాలి! కింద నుంచి గాలి! క్లాంప్ వెయ్యండి, నీళ్లు పొయ్యండి!”

ఆలోచించి అన్నది కాదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఆలోచించే వ్యవధి లేనప్పుడు కూడా, నేరం ఏ వైపు తోయాలో నా నోటికి ముందే తెలుసు.

సర్జన్లు క్లాంపు మళ్లీ వేశారు. ఇంకా గాలి చొరబడకుండా పొట్టలో సెలైన్ నీళ్లు నింపారు. నేను బల్ల తల వైపు దించి, ఎడమకు వంచి, మెడ లైన్‌కు పెద్ద సిరంజి పెట్టి లాగాను. ఎర్రటి నురుగు వచ్చింది. గుండె ఆగేలా ఉంది. ఛాతీ నొక్కాలి. మాకూ సర్జన్లకూ మధ్య కట్టిన అడ్డుగుడ్డ మీదుగా వంగి నొక్కింది ఎవరనుకున్నారు? చిన్న సర్జనే. నొక్కుతూ ప్రతిసారీ అడిగాడు.

“తగ్గుతుందా అన్నా? సూడు, తగ్గుతుందా?”

నేను తెర చూసి చెబుతున్నాను. అతను నొక్కినప్పుడల్లా నురుగు విరిగి ముందుకు పోతోంది. ఇంకొంచెం లోతుగా అంటే లోతుగా నొక్కాడు. ఆపు అంటే ఆపాడు. ఆ తెర లేకపోతే ఎంత లాగాలో, ఎప్పుడు ఆపాలో, మందు ఎంత వేయాలో అంతా గుడ్డి లెక్క. ఇది మాత్రం యువ డాక్టర్లు గట్టిగా పట్టుకోండి, నా పాపంతో పాటు దీన్ని పారేయకండి. తెర మీద నురుగు పలచబడి, చుక్కలై, గుండె మళ్లీ రక్తాన్ని పట్టుకుంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అయితే గుండె గదుల మధ్య గోడలో సన్నని సందు ఉండి, కొన్ని చుక్కలు ఎడమ వైపుకు దాటడం కూడా చూశాను. ఎడమ వైపు నుంచి దారి మెదడుకు.

“బతికిచ్చినవ్ అన్నా,” అన్నాడు చిన్న సర్జన్, చెమటతో. నేను అతని భుజం తట్టాను. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. కాని తట్టాను.

రోగి బతికాడు. చెల్లెలు క్షేమం. కాని కింద నుంచి గాలి అన్న నా మాట నమ్మి, అవసరం లేని క్లాంపు చాలాసేపు ఉంచారు. దాంతో కొత్త కాలేయం మొండికేసి మెల్లగా పని మొదలుపెట్టింది. మెదడుకు చేరిన గాలితో ఎడమ చేతి సత్తువ పోయింది. సెంట్రింగ్ మనిషికి ఎడమ చెయ్యి లేకపోతే దుబాయి లేదు.

తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. అన్ని విభాగాలూ వచ్చాయి. గుండె విభాగం వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు, ప్రోబ్ తీసుకుపోవడానికి సంచి తెచ్చుకున్నంత ఆశగా. పెద్ద సర్జన్ చిన్న సర్జన్‌ను లేపాడు.

“ఫ్లష్ చేశావా?”

“చేసిన సార్.”

“పూర్తిగా?”

“చేసిననే అనుకుంటున్న సార్.”

ఆ ‘అనుకుంటున్న’ అతని కొంప ముంచింది. పదిసార్లు చూసుకున్నవాడే ఇంకోసారి చూసి ఉండాల్సిందేమో అని అనుమానపడతాడు. చూడనివాడు గట్టిగా చెబుతాడు. నన్ను అడిగారు, గాలి కింది సిర నుంచే వచ్చిందా అని. నేను గట్టిగా చెప్పాను.

“తెర మీద అలాగే కనబడింది.”

నిజం చెబితే ప్రోబ్ పోతుంది. విభాగం పరువు పోతుంది. నేను పోతాను. ఇవన్నీ ఆ క్రమంలోనే ఆలోచించానని చెప్పుకుంటే బాగుంటుంది. అసలు క్రమం తిరగేసి చదువుకోండి.

చిన్న సర్జన్‌ను మార్పిడి బృందం నుంచి తప్పించారు. రోగి ఇంటివాళ్లకు కూడా అతను సరిగ్గా కడగలేదనే చెప్పారు. ఎవరూ తిట్టలేదు. పెద్ద ఆసుపత్రుల్లో తిట్టరు, పిలవడం మానేస్తారు. కొన్నాళ్లకు అతను రాజీనామా ఇచ్చి మస్కట్ పోయాడు. రోగి గల్ఫ్ నుంచి వాపస్, డాక్టరు గల్ఫ్‌కు. మా జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ల సంఖ్యలో నేను తేడా రానివ్వలేదు.

ఆ తర్వాత శాలువాలు మొదలయ్యాయి. మత్తు డాక్టరుకు సన్మానం అంటే మా వైపు వింతే. ఆపరేషన్ బాగైతే సర్జన్ పేరు, పాడైతే ‘మత్తు ఎక్కువైందట’ అని మా పేరు. అందుకని జనం బాగా వచ్చారు. జగిత్యాలలో ఒక వక్త నేను గుండెనే బయటికి తీసి, గాలి దులిపి, మళ్లీ పెట్టానని చెప్పాడు. పక్కనున్నాయన చెవిలో ఏదో చెబితే, “గుండె తియ్యలేదట, కని తియ్యాల్నంటే తియ్యగలడు,” అని సవరించాడు. సిరిసిల్లలో అక్కడి బట్టే కప్పారు. కోరుట్లలో రోగిని వేదిక ఎక్కించారు. అతను నాకు దండం పెట్టబోయాడు. ఎడమ చెయ్యి లేవలేదు. కుడి చేత్తో దాన్ని పట్టుకుని పైకి తెచ్చి, జోడించి, దండం పెట్టాడు. సభ చప్పట్లు కొట్టింది. నేను కూడా నమస్కారం పెట్టాను, రెండు చేతులతో, సులువుగా.

నేను ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పని చేశాను. గాజు సీసాలో మళ్లీ గాలి కొట్టలేదు. పిల్లలకు కొట్టవద్దని చెప్పాను కూడా. ఎందుకని అడిగితే పుస్తకంలో ఉందని చెప్పాను.

కదిలించింది ఒక హెర్నియా. హైదరాబాదు వదిలి జగిత్యాలకు వచ్చి, నర్సింగ్ హోముల్లో మత్తు ఇస్తున్న రోజులు. ఒక ముసలామె వచ్చింది. చీటీ మీద ఇంటిపేరు, ఊరు చూసి అడిగితే చిన్న సర్జన్ తల్లి అని తేలింది. నేనెవరో చెబితే ముఖం వెలిగింది.

“మా పెద్దోడు నీ ముచ్చట శానసార్లు చెప్పిండు నాయినా. మా అన్న, మా అన్న అనేటోడు.”

“ఇప్పుడేం చేత్తుండు అవ్వా? లివర్ ఆపరేషన్లు చేత్తుండా?”

“యాడియి. అపెండిక్సులు, గడ్డలు, గివే. పెద్దయి ముట్టడట. ఏందిరా గట్ల అంటే, ‘నాకు మతిమర్పున్నదే అవ్వా, ఒకపాలి ఒకన్ని సంపుదును’ అంటడు. గంత సదువు సదివినోనికి మర్పేంది నాయినా? సిన్నప్పుడు నా మంగళసూత్రం పోతె యాడ వెట్టిన్నో యాదిచేసి తెచ్చింది వాడే.”

నేను ఆమె వెన్నులో సూది వేయాలి. ఇంకొక డాక్టరును పిలిపించి పని అప్పగించాను. నేను అతని ఉద్యోగం మాత్రమే తీశాననుకున్నాను అన్నాళ్లూ. అతని జ్ఞాపకాన్ని అతనే నమ్మకుండా చేశానని ఆ ముసలామె చెప్పేదాకా తెలియదు.

మొదట తంగళ్ళపల్లి పోయాను. అన్న కూడా అక్కడే ఉంటున్నాడు, చెల్లెలి ఇంటి ముందు చిన్న కిరాణా డబ్బా పెట్టుకుని. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. సారొచ్చిండని చాయ్ పెట్టబోతే వద్దని కూర్చోబెట్టి చెప్పాను. సీసా, గాలి, నా నోటి మాట, సమావేశం, అన్నీ. అన్న ఎడమ చేతిని చూసుకున్నాడు, అది వేరేవాళ్లది అన్నట్టు. చెల్లెలు బీడీ చుట్టడం ఆపింది.

“అంటే, ఆ సిన్న డాక్టరుది తప్పు లేదా?”

“లేదమ్మా.”

“మరి నేను ఇన్నేండ్ల సంది ఆయన్ను తిడుతున్న గద! మా అన్న చేతులకెళ్లి గిలాస పడ్డప్పుడల్ల, వాని చేతులు పడిపోను అనుకుంట శాపనార్థాలు వెడుతున్న గద! మీకు పెద్ద పండుగకు కొబ్బరికాయ కొడుతున్న. ఇగ ఆ పాపం ఎవలది సారు? నాదా, నీదా?”

“నాదే.”

“నీదంటె పోతదా? ఆయనకు చెప్పినవా?”

“లేదు.”

“ఫోన్ కొట్టు. నా ముంగటనే కొట్టు.”

అన్న మొదటిసారి నోరు విప్పాడు. “వద్దు చెల్లె, సారు మనసు...”

“నువ్వు ఊకో. లివర్ నాది.”

కొట్టాను. స్పీకర్ పెట్టమంది. మస్కట్‌లో అతను ఎత్తి, “అన్నా!” అన్నాడు, నిన్ననే మాట్లాడుకున్నట్టు. నేను అంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు. 

“ఏ సీస అన్నా?” అన్నాడు.

“ఆల్బుమిన్. గాజుది.”

“గాలి కొట్టినవా?”

“కొట్టిన.”

“నాకు యాదికుండె అన్నా. రెండో సంచి గూడ పెట్టి కడిగిన. బయటికచ్చేది తేటగైనదాక కడిగిన. గని నువ్వు కింద నుంచి అన్నవు గదా. నువ్వు తెర సూసి చెప్పినవు గదా. అందుకని నేనే మర్చిపోయి, కడిగిననని భ్రమ పడుతున్న కావచ్చు అనుకున్న. నీ మాట కన్న నా యాదికి ఎక్కువ ఇలువ ఇయ్యలే.”

నేను క్షమించమన్నాను. చెల్లెలు ఫోన్ లాక్కుంది.

“నాయినా, నేను ఆ లివరిచ్చినామెను. నిన్ను మస్తు తిట్టిన. అన్ని వాపస్ తీసుకుంటున్న. నీ చేతులు సల్లగుండాలె.”

అతను నవ్వాడో, ఏడ్చాడో, ఆ శబ్దం బట్టి చెప్పలేను. తర్వాత నన్నే పిలిచాడు.

“అన్నా, నాకు చెప్పినవు, మంచిది. నాకు చెప్తే ఏమైతది? సమావేశం కాడ నా మీద తప్పు వడ్డది పది మంది ముంగట. నీకు పేరచ్చింది మూడూర్ల ముంగట. ఆడ చెప్పు.” ఫోన్ పెట్టేశాడు.

చెప్పాను. ముందు అప్పటి పెద్ద సర్జన్‌కు చెప్పాను. “ఇప్పుడెందుకయ్యా తవ్వడం?” అన్నాడు. ఆసుపత్రి చేతులు మారింది, వినడానికి ఎవరూ లేరు. తర్వాత కోరుట్లలో డాక్టర్ల వార్షిక సభకు పిలిచారు. ఇదే సమయమని మైకు ముందు, మీకు చెప్పినట్టే, మొత్తం చెప్పాను. అప్పుడు అధ్యక్షుడు లేచి, “చూశారా! కింది వాళ్ల తప్పును కూడా తన మీద వేసుకునే ఈ గొప్ప మనసు ఈ రోజుల్లో ఎవరికుంటుంది?” అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాదు, నిజంగానే నా తప్పని నేను అరిచాను. మైకు అప్పటికే వందన సమర్పణ వారి చేతిలో ఉంది. భోజనాల దగ్గర ఒక యువ డాక్టరు వచ్చి నా పాదాలు ముట్టుకున్నాడు. జగిత్యాల, సిరిసిల్ల మిత్రులు తమ దగ్గర కూడా ఇదే ప్రసంగం చేయమని, మంచి స్పందన ఉంటుందని ఆహ్వానించారు.

అందుకని ఇక మాట్లాడటం మానేసి రాస్తున్నాను. మీరు నన్ను వినయశీలి అనుకోవచ్చు, పాపాత్ముడు అనుకోవచ్చు, రెండింటికీ నాకు అభ్యంతరం లేదు. నా గురించి మీరేమనుకున్నా అతనికి ఒరిగేది ఏమీ లేదు. సమావేశంలో అడిగిన ప్రశ్న ఒకటి అలాగే మిగిలి ఉంది. దానికి సాక్షిగా అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

అతను ఆ రోజు కాలేయాన్ని కడిగాడు. మొదటి సంచి అయ్యాక రెండోది అడిగి తీసుకున్నాడు. బయటికి వచ్చేది తేటగా మారాకే చాలన్నాడు. నేను బల్ల ఇవతల నిలబడి చూశాను.